ఊరుకున్నామంటే ఒప్పుకున్నామని కాదు

కలకత్తా వెళ్లొచ్చానని తెలియగానే మా బళ్లో అందరూ అడిగింది ఒకటే, రసగుల్లాలు ఏవని. కొన్నాను. తిరుగు రైల్లో డబ్బా మూత ఊడి పాకమంతా నా బట్టల సంచీలోకి దిగింది. పలాసలో చూసుకుంటే రసగుల్లాలకన్నా చీమలే ఎక్కువున్నాయి. కాబట్టి తెచ్చి పెట్టడానికి నా దగ్గర మిగిలింది జరిగిన సంగతే. కలకత్తా చూడనివాళ్లూ, మా కొండ చూడనివాళ్లూ ఇద్దరూ చదువుకుంటారని రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం జిల్లా ఏజెన్సీలో, గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెబుతాను. పుట్టింది పాలకొండ దగ్గర పల్లంలో. కొండమీద ఏళ్ల తరబడి ఉండేసరికి సవర భాష వచ్చేసింది. అది రాకపోతే మా పిల్లలు నన్ను సంతలో అమ్మేసి వచ్చేవాళ్లు. ఈ ప్రయాణంలో నేను దుబాసీని మాత్రమే, ఇంకొకరి మాట మార్చి చెప్పడం నా పని. మాట మార్చడమంటే మన దగ్గర మంచి పని కాదు. అందుకే బయల్దేరినప్పటి నుంచి గుండెల్లో దడగానే ఉంది.

అసలు వెళ్లింది సవర సుంబురమ్మ. మా బడికి పైనున్న ఊరి పెద్దల్లో ఒకావిడ. అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, ముక్కుకి మూడు పుడకలు, నడిస్తే మన మోకాళ్లు అయ్యో అంటాయి. ఆ ఊరి కొండని గ్రానైటు కోసం తవ్వుతామని ఎవరో అడిగారు. గిరిజన ఊళ్లలో గ్రామసభ సరే అననిదే అలాంటి పని చెయ్యకూడదని అప్పటికి కొత్త చట్టం వచ్చి ఉంది. చట్టం ప్రకారమే అధికారులు ఊరికి వచ్చారు, సభ పెట్టారు, ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారు. ఎవరూ నోరు మెదపలేదు. ఎవరికీ అభ్యంతరం లేదు, అంతా ఏకగ్రీవం అని రాసుకుని దిగిపోయారు.

అక్కడే వచ్చింది తంటా. అన్ని సవర ఊళ్ల సంగతీ నాకు తెలియదు గానీ, ఈ ఊళ్లో ఇంటికొచ్చిన మనిషి ముఖం మీద కాదనరు. ఎండలో కొండెక్కి వచ్చినవాడిని ముఖం మీద కొట్టినట్టు ఉంటుందని వాళ్ల బాధ. ఊరుకుంటారు. ఊరుకుంటే కాదని. సరే అనాలంటే మాత్రం ఇంటికొకరు లేచి నోటితో అనాలి. ఊరంతా కలిసి అంత గట్టిగా కాదన్నాక కూడా కొండమీద హద్దు మేకులు పాతడానికి మనుషులు వచ్చేసరికి వాళ్లు బిత్తరపోయారు.

ఈలోగా ప్రభుత్వం ఒక సంఘం వేసింది. గిరిజనుల ఊళ్లలో వాళ్ల పాలన వాళ్లే ఎలా చేసుకోవాలో, గ్రామసభ మాటని ఎలా నమోదు చెయ్యాలో గిరిజనులతోనే కూర్చుని నియమాలు రాయాలని. తూర్పు రాష్ట్రాల వాళ్లకి కలకత్తాలో సమావేశం. తగువులున్న ఊళ్లు కూడా వచ్చి చెప్పుకోవచ్చన్నారు. సుంబురమ్మని పంపుతూ ఊరు ఒకటే చెప్పింది: మాట చెప్పి రా, మాట ఇచ్చి రాకు. ఆ రోజు దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

చీపుళ్లతో రైలు

వట్టి చేతులతో ఎవరింటికీ వెళ్లకూడదని సుంబురమ్మ కొండచీపుళ్ల కట్ట ఒకటి తెచ్చింది. కట్ట అంటే చంకలో ఇమిడేది కాదు. ఆవిడకన్నా పొడుగు. ఆమదాలవలసలో రైలెక్కేటప్పుడు తలుపులో అడ్డం పడి వెనకాలవాళ్లందరూ ఆగిపోయారు. పై బెర్తు మీద పడేస్తే దాని పూత రాలి కింద కూర్చున్న ఒడియా పెద్దమనిషి బట్టతల మీద పడింది. ఆయన తుమ్మాడు, మళ్లీ తుమ్మాడు, బరంపురం దాకా తుమ్ముతూనే ఉన్నాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. సుంబురమ్మ మాత్రం ఒక చీపురు ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఏమనుకున్నాడో, తలూపి తన అరటిపళ్లు మాకు ఇచ్చాడు. దిగేటప్పుడు ఆ చీపుర్ని జాగ్రత్తగా సంచీలో పెట్టుకుని మరీ దిగాడు.

బాలాసోర్ దాటాక మట్టి ముంతల్లో టీ వచ్చింది. ముంత చిన్నది, టీ రెండు గుక్కలు, ధర రెండు రూపాయలు. తాగి ముంతని కిటికీలోంచి పారేస్తున్నారు అందరూ. నా ప్రాణం ఉసూరుమంది. మా అమ్మ పగిలిన ముంతని కూడా అటక మీద దాచే మనిషి. సుంబురమ్మకి అందులో వింతేం కనపడలేదు. మనం అడ్డాకు దొప్పలో తాగి పారెయ్యమా, ఇదీ మట్టిలోంచి వచ్చిందే కదా అంది. తను కూడా ఠపీమని విసిరేసింది. నేను మాత్రం నా ముంతని దాచుకున్నాను, ఇప్పుడు దాంట్లో సుద్దముక్కలు పెట్టుకుంటున్నాను.

లిలువాలో అన్నం

ఉండటానికి సర్కారువారు ఏదో అతిథిగృహం చూపించారు గానీ, హౌరా పక్కనే లిలువాలో నా పిన్ని కూతురు నూకాలు ఉండగా వేరే చోటికి వెళితే మా వంశంలో నన్ను బతకనివ్వరు. నూకాలు మొగుడు సింహాచలం అక్కడి రైల్వే కార్ఖానాలో పనిచేస్తాడు. క్వార్టర్ల వరసలో ఒక ఇంట్లో బిహారీలు, పక్కింట్లో తమిళులు, ఎదురుగా బెంగాలీలు, మధ్యలో మనవాళ్లు. అక్కడి గోడలన్నీ ఎర్ర రాతలే. ఎన్నికలు ఎప్పుడో అయిపోయినా రాతలు తుడవరట, మళ్లీ అవే పనికొస్తాయి కదా అన్నాడు సింహాచలం. పాతికేళ్లుగా ఒకటే సర్కారైతే సున్నం ఖర్చు దండగ అని వాళ్ల ఉద్దేశం కాబోలు.

నూకాలు మా జిల్లా యాస పోగొట్టుకోలేదు గానీ ప్రతి మాటకీ ఒక బెంగాలీ ముక్క తగిలిస్తుంది. అది పెట్టిన భోజనం గురించి చెప్పకపోతే పాపం. ఆవపిండి వేసిన ఇలిశ చేప, మన గోదారి పులస చుట్టమే అది. పొట్లకాయకి చిన్న తమ్ముడిలాంటి పొటల్ అనే కాయ వేపుడు, చింతపండు చారు. అన్నీ ఆవనూనె వాసనే. మొదటి ముద్దకి ముక్కు మండింది, మూడో ముద్దకి అలవాటైంది.

చిక్కు సుంబురమ్మ దగ్గర వచ్చింది. నూకాలు గరిటె పట్టుకుని ఇంకాస్త ఎయ్యనా అని అడిగింది. సుంబురమ్మ తల వంచుకుని ఊరుకుంది. నూకాలు వేసింది. మళ్లీ అడిగింది. మళ్లీ ఊరుకుంది. మళ్లీ వేసింది. మూడోసారీ అడిగి, మొహమాటపడుతోంది పాపం, కొండమీద ఇంత తిండి ఎక్కడ దొరుకుతుందని చేప తలకాయ కూడా వేసింది. విస్తట్లో వదలడం సుంబురమ్మకి తెలియదు. కష్టపడి అంతా తినేసింది. నేను చేపముళ్లు ఏరుకుంటూ ఇదంతా చూసుకోలేదు.

తెల్లారేసరికి ఆవిడ కడుపు పట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. నూకాలు వాముని వేయించి నీళ్లు కాచి పట్టుకొచ్చింది. సంతలో బేరానికి సరిపడే తెలుగు సుంబురమ్మకి వచ్చు.

“అన్నిసార్లు నేదన్నాను గదే పిల్లా. ఎందుకేసినావు?” అంది.

నూకాలు నిర్ఘాంతపోయింది. “ఎప్పుడన్నావు మామ్మా? నువ్వు నోరే ఇప్పనేదు.”

“అదే గదా సెప్పడం. నువ్వు పేమగా అడుగుతుంటే ముకం మీద వొద్దనీమంతావేటి?”

నూకాలు నా వంక చూసింది, నేను నూకాలు వంక చూశాను. సింహాచలం లోపల్నుంచి పకపకా నవ్వాడు. నవ్వలేక సుంబురమ్మ కూడా కడుపు పట్టుకుని నవ్వింది. వాము నీళ్లు మాత్రం రెండోసారి ఇవ్వబోతే అక్కర్లేదన్నట్టు మౌనంగా కూర్చుంది, నూకాలు ఈసారి గ్లాసు వెనక్కి పట్టుకుపోయింది.

ధర్మతలా ఊరేగింపు

సమావేశం చౌరంగీ వైపు ఒక పాత సర్కారు భవనంలో. బస్సులో భిడ్ ఎక్కువ, జనం తోసేస్తారు, సావధాన్‌గా ఎల్లండప్పా అని నూకాలు పదిసార్లు చెప్పి పంపింది. హౌరా వంతెన దాటాం. సుంబురమ్మ తల బయట పెట్టి నది మధ్యలో దీనికి స్తంభాలేవి అని అడిగింది. లేవన్నాను. అయితే తొందరగా దాటమను అంది. కండక్టరు తోలు సంచీ కొడుతూ టికెట్టు అడుగుతుంటే, పక్కవాళ్లు అతనితో దెబ్బలాడుతుంటే, ఆ దెబ్బలాటలో తీర్పు చెప్పడానికి బస్సంతా పూనుకుంటే, ధర్మతలా దగ్గర బండి ఆగిపోయింది. ముందు ఊరేగింపు. దిగి నడవండన్నారు.

ఆ ఊళ్లో ఊరేగింపు అంటే మన తీర్థంలాంటిదే. జెండాలు, చేతుల్లో గొడుగులు, పక్కన వేరుశనగలమ్మేవాళ్లు. సర్కారు వాళ్లదే అయినా ఊరేగింపు కూడా వాళ్లే చేస్తారట, ఢిల్లీ మీద. ముందు ఒకాయన గొంతు చించుకుని ఏదో అంటాడు, వెనక వేలమంది ఒక్కసారిగా “చోల్బే నా, చోల్బే నా” అని పిడికిళ్లు ఎత్తుతారు. చెవులు గింగిర్లెత్తాయి. నేను రోడ్డు దాటడానికి సందు వెతుక్కుని వెనక్కి చూస్తే సుంబురమ్మ లేదు.

పరాయి ఊళ్లో పెద్దావిణ్ణి పోగొట్టుకున్న దుబాసీ పరిస్థితి మీరే ఊహించుకోండి. ఊరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? పోలీసుని అడిగితే అతను బెంగాలీలో నన్నే ఏదో మందలించాడు. ఊరేగింపుకి ఎదురీదుతూ చూస్తే దూరంగా జనం తలల పైన కొండచీపుళ్ల కట్ట పోతోంది. ఆ కట్టని ఎవరికీ వదిలిపెట్టని మనిషి ఆవిడ. పరిగెత్తి పట్టుకున్నాను. ఒక నీలం అంచు చీరావిడ చెయ్యి పట్టుకుని సుంబురమ్మ హాయిగా నడుస్తోంది. వాళ్లు నడిపించారు, నడిచాను, ఇందులో కంగారేముంది అని నన్నే అంది.

పక్కకి లాక్కొచ్చి, కూల్‌డ్రింకు కొట్టు మెట్ల మీద కూర్చోబెట్టి ఠోంగాలో, అంటే కాగితం పొట్లంలో, ఝాల్‌ముడి కొనిపెట్టాను. మన మరమరాలే, ఆవనూనె, కొబ్బరిముక్క, పచ్చిమిరపకాయ వేసి గలగలలాడించి ఇస్తారు. తింటూ అడిగింది, వాళ్లంతా అరిచే ఆ మాటేమిటని. చోల్బే నా అంటే నడవదు, సాగదు, మేం ఒప్పుకోం అని చెప్పాను.

“అంత గట్టిగా అరిత్తారేటి?”

“ఈ ఊళ్లో అలా అరిస్తేనే వినిపిస్తుంది పెద్దమ్మా.”

ఆవిడ ఆ మాటని రెండుమూడు సార్లు నోట్లో నానబెట్టుకుంది.

ఫ్యాను కింద సభ

హాలు ఎత్తయిన కప్పుతో చల్లగా ఉంది. పొడుగు కాడల ఫ్యాన్లు, గుడ్డ పరిచిన బల్ల. అధ్యక్షుడి పేరు బాగ్చీ. పెద్ద ఉద్యోగం చేసి విరమించిన మనిషి, మోకాళ్ల నొప్పి, మెత్తని గొంతు. సుంబురమ్మ తిన్నగా వెళ్లి చీపుళ్ల కట్టని ఆయన బల్లమీద పెట్టింది. గుమాస్తాలు గతుక్కుమన్నారు. బాగ్చీ లేచి నిలబడి రెండు చేతులా అందుకున్నారు. ఆ ఒక్క పనితో ఆయన మీద నాకు సగం నమ్మకం కుదిరింది.

టీ దగ్గర హెంబ్రమ్ మాస్టారు పరిచయమయ్యారు. పురులియా వైపు సంతాల్ పెద్ద, ఆయనా బడిపంతులే. నా హిందీ ఆయన హిందీ రెండూ కుంటివే, అందుకని బాగానే అర్థమయ్యాయి. ఈ సర్కారు మాకు భూమి పట్టాలిచ్చింది, పంచాయతీలిచ్చింది, కాదనను అన్నారు. కానీ పంచాయతీలో కూర్చుని మాట్లాడేది పార్టీ, మా ఊరి పెద్ద మాంఝీ కాదు. మాకేం కావాలో వాళ్లకి ముందే తెలిసిపోతుంది, అందుకని అడగరు అన్నారు. కోపంగా అనలేదు, బిస్కెట్టు ముంచుకుంటూ అన్నారు.

మా కొండ విషయం మధ్యాహ్నం వచ్చింది. మా జిల్లా నుంచి ఒక యువ అధికారి వచ్చాడు. చెడ్డవాడు కాదు, పాపం చెమటలు కక్కుతున్నాడు. సభ పెట్టాం, అభ్యంతరాలు చెప్పమని మూడుసార్లు అడిగాం, ఒక్కరూ చెప్పలేదు, ఇంకేం చెయ్యాలి అన్నాడు. నేను సుంబురమ్మకి సవరలో చెప్పాను. ఆవిడ లేచింది. ఆవిడన్న మాటల్ని నాకొచ్చిన ఇంగ్లీషులో ఒక్కొక్కటే దించాను.

“వాళ్లు ఎండలో మా కొండెక్కి వచ్చారు. పనసపండు కోసి పెట్టాం. తిన్నాక కొండ ఇస్తారా అని అడిగారు. ఊరంతా ఊరుకున్నాం. చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు. ఇంతకన్నా గట్టిగా ఎలా చెప్పాలి?”

హాల్లో నవ్వులు. ఎగతాళి కాకపోవచ్చు గానీ నవ్వే. నా ఒళ్లు మండిపోయింది. ఆ యువకుడు నా వైపు వంగి తెలుగులో గొణిగాడు, మన ఇళ్లల్లో అడిగినప్పుడు మాట్లాడకపోతే సరే అన్నట్టే కదా మేడమ్ అని. నా పెళ్లిచూపుల్లో నేను తల వంచుకుని ఊరుకున్నాను. పిల్ల ఒప్పుకుందన్నారు, తాంబూలాలు మార్చుకున్నారు. నన్ను రెండోసారి ఎవరూ అడగలేదు. కాపురం బాగానే సాగింది, ఆ సంగతి వేరు. కానీ అడిగి ఉంటే ఏమనేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ క్షణాన ఆ పిల్లవాడి మీద కాదు, ఆ తాంబూలాల మీద కోపం వచ్చింది.

బాగ్చీ మర్యాదగానే అడిగారు, మీరు మాట్లాడకపోతే మాకెలా తెలియాలి అని. దుబాసీ సొంత మాట చెప్పకూడదు. తెలిసే చెప్పాను. లిలువాలో నూకాలు అన్నం వడ్డించిన సంగతంతా, చేప తలకాయతో సహా చెప్పాను. ప్రేమతోనే పెట్టింది సార్, అడిగే పెట్టింది, పాపం మూడుసార్లూ అడిగింది, తెల్లారేసరికి ఈవిడ కడుపు పట్టుకుని కూర్చుంది అన్నాను. మళ్లీ నవ్వారు. ఈసారి యువ అధికారి కూడా నవ్వాడు, నవ్వి ఆగిపోయాడు.

సుంబురమ్మకి నేనేం చెబుతున్నానో వడ్డిస్తున్నట్టు ఆడిన నా చేతుల్ని బట్టి తెలిసిపోయినట్టుంది. ముందుకొచ్చింది. అరచెయ్యి తన నోటి మీద పెట్టుకుని కొంతసేపు అలాగే అందరి వైపూ చూసింది. తర్వాత చెయ్యి తీసి, మార్చి చెప్పడానికి నాకు పని లేకుండా అంది.

“ఇదే మా చోల్బే నా.”

ఎవరూ నవ్వలేదు. బల్ల చివర కూర్చున్న గుమాస్తా, రోజూ ఆ ఊరేగింపులు దాటుకుని ఆఫీసుకొచ్చే మనిషి, రాయడం ఆపేసి తలెత్తి చూశాడు. హెంబ్రమ్ మాస్టారు బల్లమీద మెల్లగా తట్టారు. బాగ్చీ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఈ నియమం మళ్లీ రాద్దాం, రేపు చదువుతాను అన్నారు.

నోరు విప్పని సరే

ఆ సాయంత్రం నూకాలు మమ్మల్ని మిఠాయి కొట్టుకి తీసుకెళ్లింది. మట్టి చట్టిలో తీపి పెరుగు. పెరుగులో చక్కెర వేసుకునేవాళ్లని మా నాయనమ్మ పెరుగుతోడు పెట్టడం తెలియనివాళ్లనేది, అలాంటిది నేను రెండు చట్టీలు లాగించాను. సుంబురమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని వెంటనే గట్టిగా “నాకొద్దు” అంది. నూకాలు తెగ సంబరపడింది, మామ్మ మా కలకత్తా నేర్చీసుకుంది అని.

మర్నాడు పొద్దున్నే బాగ్చీ కొత్త నియమం చదివారు. గ్రామసభలో ఊరుకున్నవాళ్లు ఒప్పుకున్నట్టు రాయరాదు. ఇంటికొకరు తమ భాషలో నోటితో సరే అంటేనే సరే. లేకపోతే ఆ పని ఆగిపోవాలి. చదువుతుంటే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సుంబురమ్మ చెవిలో ప్రతి ముక్కా సవరలో చెప్పాను. ఇది ఇక్కడున్న అందరూ ఒప్పుకుంటే ఇవాళే ఖాయమవుతుందని, మా కొండమీద పని కూడా దీంతోనే ఆగుతుందని ఆయన అన్నారు. అన్నాక అలవాటు కొద్దీ హాలు వైపు చూసి, అందరికీ సమ్మతమే కదా అన్నారు.

హాలంతా నిశ్శబ్దం. బాగ్చీ కలం కాయితం మీద ఆనింది. హెంబ్రమ్ మాస్టారు గొంతు సవరించుకున్నారు. అంతే, బాగ్చీ కలం ఎత్తేశారు. చెవులదాకా ఎర్రబడ్డారు. క్షమించండి, ఒక్కొక్కరినీ అడగాలి అన్నారు.

ఒక్కొక్కరినీ అడిగారు. సంతాలీలో ఒకరు, ముండారీలో ఒకరు, కురుఖ్‌లో ఒకావిడ. ఒడిశా నుంచి వచ్చిన కోందు పెద్దమనిషి లేచి నిలబడి మరీ చెప్పాడు. అర్థం కాని భాషల్లో కూడా సరే అనే మాట తెలుస్తూనే ఉంది. చివరికి వంతు సుంబురమ్మ దగ్గరికి వచ్చింది.

సుంబురమ్మ ఊరుకుంది.

వినిపించలేదేమోనని మళ్లీ చెప్పాను. ఊరుకుంది. యువ అధికారి గొంతు తగ్గించి, మేడమ్, ఒక్క సరే అనమనండి, మీ కొండకే మంచిది అన్నాడు. అతను నిజంగానే మా మంచి కోరి అన్నాడు. ఈ నియమం కోసమే కదా ఇంత దూరం వచ్చింది, ఈవిడ మాటతోనే కదా అది పుట్టింది! ఇప్పుడు ఇది ఆగిపోతే మేకులు మళ్లీ దిగుతాయి, కొండ పోతుంది. ఆవిడ తరఫున సరే అనేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. ఆ హాల్లో సవర తెలిసినవాళ్లు మేమిద్దరమే, ఎవరికీ తెలిసేది కాదు. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

మాట చెప్పి రా, మాట ఇచ్చి రాకు. అప్పుడు వినపడింది నాకా మాట సరిగ్గా.

లేచి బాగ్చీతో ఇంగ్లీషులో చెప్పాను. చెప్పమని ఊరు ఈవిణ్ణి పంపింది సార్, ఒప్పుకోమని పంపలేదు. ఇంటికొకరు సరే అనాలని మీరే ఇప్పుడు చదివారు. ఈవిడ ఇల్లు ఒక్కటే ఊరు కాదు.

బాగ్చీ కొత్త కాయితం ముందుకి లాక్కున్నారు. గుమాస్తా గడియారం చూసుకున్నాడు. తర్వాత ఆయన రాస్తూ, రాసేదాన్ని పైకి చదివారు: ఒక ఊరి మాట ఇంకా రాలేదు. ఆ మాట కోసం సంఘమే ఆ ఊరు వెళ్లాలి. అంతవరకూ ఆ కొండ జోలికి ఎవరూ పోరాదు. ఇది కూడా మిగతా అందరినీ ఒక్కొక్కరినే అడిగి ఖాయం చేశారు.

బయటికొచ్చాక సుంబురమ్మ మీద విరుచుకుపడ్డాను. నా ప్రాణాలు పోయాయి, ఒక్క మాట ముందు చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. ఆవిడ మెట్ల మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంది.

“ఊరు నా సేతికి ఇయ్యనిది నానెలాగ ఇచ్చీగలను పంతులమ్మా. అది నాది గాదు గదా,” అంది.

మళ్లీ కొండ మీద

తిరుగు ప్రయాణం, రసగుల్లాల ఘోరం రెండూ అయ్యాయి. సుంబురమ్మ ఊళ్లో అందరికీ చెప్పింది కొండ సంగతి తక్కువ, వంతెనకి స్తంభాలు లేకపోవడం ఎక్కువ. సంఘంవాళ్లు వస్తారా అని ఊళ్లోవాళ్లు నన్ను అడిగేవారు. వస్తారనే అనేదాన్ని, రాకపోతే మళ్లీ కలకత్తా వెళ్లి లాక్కొస్తానని కూడా అన్నాను. ఉత్తినే అనలేదు. టికెట్టు ధర కూడా కనుక్కుని ఉంచాను.

వానలు వెనకబట్టాక వచ్చారు. బాగ్చీ, ఆ గుమాస్తా, మా యువ అధికారి. జీపు మా బడి దగ్గరే ఆగిపోతుంది, పైకి నడకే. బాగ్చీ మోకాళ్లు పట్టుకుంటూ, రాళ్ల మీద ఆగుతూ ఎక్కారు. డోలీ కట్టిస్తామంటే వద్దన్నారు. ఊళ్లో సీతాఫలాలు పెట్టారు. అందరూ తిన్నాక ఆయన చాప మీదే కూర్చుని మొదట నియమం సంగతి అడిగారు. నేను సవరలో చెప్పాను. ఇంటికొకరు లేచి సరే అన్నారు. మంచం దిగలేని ఒక ముసలాయన మాటని కోడలు మోసుకొచ్చింది, బాగ్చీ అది చాలదని తనే ఆ ఇంటికి వెళ్లి విని వచ్చారు. పొద్దు వాలింది.

అప్పుడు రెండో సంగతి. కొండని తవ్వుకోనిస్తారా అని యువ అధికారి అడిగాడు. నేను మార్చి చెప్పాను.

ఎవరూ మాట్లాడలేదు. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, అందరూ ఊరికే కూర్చున్నారు. ఎక్కడో మేకల మెడగంటలు తప్ప ఏమీ వినిపించడం లేదు. యువ అధికారి మళ్లీ అడగబోయాడు, బాగ్చీ చెయ్యి అడ్డం పెట్టారు. ఆ మౌనాన్ని అలా చివరిదాకా కూర్చోనిచ్చారు. తర్వాత కలానికి టోపీ పెట్టి జేబులో పెట్టుకున్నారు. సుంబురమ్మ వైపు తిరిగి చేతులు జోడించారు.

“శునేఛి,” అన్నారు.

అంటే విన్నాను అని. నేను నోరు తెరిచేలోపే సుంబురమ్మ తలూపింది. ఆ ఒక్క మాట మాత్రం నన్ను మార్చి చెప్పమని ఎవరూ అడగలేదు.